కరెంటు, ఫసలీ, చుక్కలు

కోస్తాలోని యొక తహసీల్దారు కార్యాలయమున జూనియర్ అసిస్టెంటుగా శిక్షణకు చేరిన తొలినాడు, సీనియర్ అసిస్టెంటుగారు కళ్ళజోడు మీదుగా నావంక చూచి, “కరెంటు వచ్చిందా?” అని యడుగగా, తలయెత్తి, గిరగిర తిరుగుచున్న పంకాను తేఱిపాఱ జూచి, “అసలు పోలేదండీ” అని సవినయముగా విన్నవించిన ఘనత నాది. కరెంటనగా తపాలులో వచ్చి సంఖ్య పడిన కాగితమనియు, విద్యుత్తునకున్న వేగము దానికి లేదనియు, గదిలోని నవ్వులు సద్దుమణిగిన పిదప బోధపడినది.

మఱునాడు రికార్డు గదినుండి గ్రామపు పొలముల లెక్కయైన అడంగల్, 1380వది, తెమ్మనిరి. కొండవీటి రెడ్డిరాజులనాటి లెక్కలు గదా, తాళపత్రములై యుండునేమో, ముట్టినంతనే పొడియై రాలునేమో యని భయభక్తులతో బీరువా తెఱచిన నాకు, కరణముగారి గొలుసుకట్టు వ్రాతతో నిండి, నీలిసిరా యింకను వెలియని బౌండు పుస్తకము చేతికి వచ్చినది. ఆ 1380 ఫసలీ సంవత్సరము. 590 కలిపినచో మన 1970 అగును. జూలై 1న దానికి ఉగాది. మొగలాయీల సింహాసనము పోయినను వారి పంటలయేడు మా బీరువాలలో పదిలముగా నున్నది. కరణాల యుద్యోగములు 1984లో రద్దయినవి గాని, వారి మాటలను రద్దుపఱచు జీవో యింతవఱకు రాలేదు. వీధిలో తిట్టయిన పోరంబోకు సైతము ఇక్కడ మర్యాదగల భూవర్గమే.

నెల తిరుగకమున్నే ఈ మాటలన్నియు నోట నాడజొచ్చి, పండితుడనైతినని మురియుచుండగా, పాలిథిన్ సంచిలో కాగితములు పట్టుకొని యొక వృద్ధరైతు నా బల్లయొద్దకు వచ్చెను. ఇంగ్లీషు, తెలుగు రెండింటను వ్రాసిన పాత సెటిల్మెంటు రిజిస్టరును డైగ్లాటందురని ఆయనకు విడమఱచి చెప్పబోతిని. ఆయన ఓపికగా కొంత విని, “తెలుసు బాబూ. అడంగల్లో నా పేరే ఉంది. డైగ్లాటులోనే పట్టాదారు గడిలో చుక్కలున్నాయి. ఆ చుక్కల మూలంగా ఇరవైరెండు-ఏ నిషేధ జాబితాలో పెట్టారు, అమ్మాయి పెళ్ళికి అరెకరం అమ్ముదామంటే రిజిస్ట్రేషను కాదంటున్నారు,” అనెను. పేరుండవలసిన చోట నాలుగు చుక్కలు. నేను నేర్చిన పదములలో నెల్ల అక్షరము లేనిది అదియొక్కటే.

“మీరు కొత్తగా వచ్చినట్టున్నారు. నా అర్జీకి కరెంటు నంబరు పడిందేమో చూడండి,” అనెను.

ఈసారి పంకావంక చూడక, రిజిస్టరు తెఱచితిని.