కుట్టి పద్మిని చేసింది, నేను చెయ్యలేకపోయాను!

'లేత మనసులు' (1966) చూశారా? ఏవీఎం వారి చిత్రం. హరనాథ్, జమున విడిపోయిన దంపతులు. వారి కవల కూతుళ్ళుగా కుట్టి పద్మిని ద్విపాత్రాభినయం. పిల్లలిద్దరూ ఒకరి చోటికి ఒకరు మారి అమ్మానాన్నల్ని కలిపేస్తారు. శుభం!

ఆ సినిమా టీవీలో చూసేనాటికి నాకు ఏడేళ్ళు. అప్పట్లో మా ఇంట్లో అమ్మా నాన్నా మాట్లాడుకునేవారు కాదు.

"అన్నం వడ్డించానని మీ నాన్నకి చెప్పు."

"ఆకలి లేదని మీ అమ్మకి చెప్పు."

ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం! టపా మోసేది నేను. "కూర బావుందన్నాడమ్మా" అని సొంతంగా కలిపి చెప్పేవాణ్ణి. డైలాగ్ రైటర్‌నైపోయానన్నమాట! అయినా వాళ్ళు కలవలేదు. కుట్టి పద్మినికి చేతనైంది నాకెందుకు చేతకాలేదని రాత్రిళ్ళు ఒకటే దిగులు.

తర్వాత అమ్మ నాతోనూ మాటలు తగ్గించేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. నేనెన్ని వేషాలేసినా నవ్వేది కాదు. అది డిప్రెషన్ అని అప్పుడు ఎవరికి తెలుసు?

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు ఏ భావమూ లేని ముఖంతో కూర్చుంటుంది. ఎదురుగా నెలల పాప నవ్వుతుంది, చేతులు చాస్తుంది, తల్లి ముఖంలో చలనం లేకపోయేసరికి చివరికి తల తిప్పేసుకుంటుంది. అలాంటి వీడియో ఒకటి ఆమధ్య చూస్తూ మధ్యలోనే ఆపేశాను.

అమ్మ మందులతో కోలుకుంది, నెమ్మదిగా. ఆ రోజుల్లో "అమ్మకి మనసు బాగోలేదురా, నీవల్ల కాదు" అని చెప్పింది అమ్మమ్మ ఒక్కతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.