పరెంజానా గట్టు మీద రాతిగోడ

కొండదారుల్లో సైకిల్ తొక్కి వచ్చి నాలుగు పేజీలు రాయమని పత్రిక పంపింది. పాత ఊళ్లు, ద్రాక్షతోటలు, దూరాన సముద్రం, ఫొటోలకు కొదవుండదన్నారు. నిజమే, కొదవేం లేదు. రాయబుద్ధవుతున్నది మాత్రం ఓ ముసలాయన కోపం గురించి.

ఇస్ట్రియా అనేది క్రొయేషియా పడమటి కొసన ఏడ్రియాటిక్ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ద్వీపకల్పం. లోపలికి వెళ్లేకొద్దీ కొండకో ఊరు. ఒకప్పుడు చాలా భాగం వెనిస్ ఏలుబడిలో ఉన్న నేల. ఆనాటి గంటస్తంభాలు, కోటగోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఈ కొండల నడుమ మెలికలు తిరుగుతూ పోయే సైకిల్ దారి పేరు పరెంజానా. ఇటలీలోని ట్రియెస్టె దగ్గర మొదలై, స్లొవేనియా మీదుగా, క్రొయేషియాలోని పొరెచ్ వరకు 123 కిలోమీటర్లు. అందులో 78 కిలోమీటర్లు క్రొయేషియాలోనే. అక్కడ ఎక్కువ భాగం కంకర దారి. రోడ్లను దాటే చోట్లు, ఊళ్ల దగ్గర కొన్ని ముక్కలు తప్పిస్తే బండ్ల గోల లేదు. వెనకనుంచి హారన్ పడుతుందేమోనన్న భయం పోవడానికి మనలాంటి వాళ్లకు కొంత సమయం పడుతుంది.

ఇది ఎవరో సైకిళ్ల కోసం వేసిన దారి కాదు. 1902లో, ఆస్ట్రియా–హంగరీ రాజ్యంలో, ఇక్కడ చిన్నబండి నడిచింది. పట్టాల మధ్య 760 మిల్లీమీటర్లు. 1900లో మొదలైన మన నౌపడ–పర్లాకిమిడి బండిది 762. ద్రాక్షసారా, ఆలివ్ నూనె, ఉప్పు మోసుకుంటూ నింపాదిగా తిరిగిన ఆ రైలును 1935 ఆగస్టు 31న ఆపేశారు. అప్పటికి ఈ నేల ఇటలీ చేతిలో ఉంది. ఆ శరదృతువులోనే ముసోలినీ సైన్యం అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద పడింది. ఊడదీసిన పట్టాలను ఓడకెక్కించి అక్కడికే పంపారనీ, ఆ ఓడ మధ్యధరా సముద్రంలో మునిగిపోయిందనీ ఇక్కడి వాళ్లు చెప్పుకుంటారు. ఓడ సంగతెలా ఉన్నా, రైలు కట్ట మాత్రం మునగలేదు.

రైలు ఇంజను ఏటవాలు ఎక్కలేదు. అందుకే ఇంజనీర్లు వెయ్యి మీటర్ల దూరానికి 28 మీటర్లకు మించి ఎత్తు పెరగనివ్వలేదు. కొండను నిట్టనిలువుగా ఎక్కకుండా దాని నడుం చుట్టూ తిప్పుకొచ్చారు, తప్పనిచోట తొలిచారు. దారి పొడవునా తొమ్మిది సొరంగాలు. ఆనాటి ఇంజను కోసం పడ్డ ఈ పాట్లన్నీ ఇప్పుడు సైకిల్ తొక్కేవాళ్ల మోకాళ్లకు కలిసొచ్చాయి. దారిలోకెల్లా ఎత్తయిన చోటు గ్రోజ్న్యాన్ దగ్గర, సముద్రమట్టానికి 293 మీటర్లు. అక్కణ్ణుంచి లివాదె లోయలోకి దిగేటప్పుడు పెడల్ పెద్దగా తొక్కక్కర్లేదు.

ఊళ్ల కథ అంత తేలిగ్గా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇస్ట్రియా యుగోస్లావియాలో కలిసినప్పుడు ఇక్కడి ఇటాలియన్లు వేలకు వేలు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. గ్రోజ్న్యాన్‌లో ఖాళీ పడ్డ ఇళ్లను 1965 నుంచి చిత్రకారులకు, శిల్పులకు ఇచ్చారు. 1969 నుంచి వేసవిలో కుర్రకారుకు సంగీత శిక్షణ జరుగుతోంది. ఊరు బతికింది, వేసవి వరకైనా. దారిలో తర్వాత వచ్చే జావర్ష్యెకు ఆ అదృష్టం పట్టలేదు. ఒరిగిన గంటస్తంభం, తీగలల్లుకున్న కిటికీలు, కొద్ది మంది మనుషులు.

ఆ రాతిగోడ కనిపించింది గ్రోజ్న్యాన్ దాటాక. దారికి పైవైపు ఆలివ్ తోట. వానకు గోడ ఓ బారెడు మేర జారి రాళ్లు కంకర మీద పడ్డాయి. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని వాటిని తిరిగి పేరుస్తున్నాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పుతాడు. పొడుగు వైపు గోడ లోపలికి, మొహం బయటికి. పైరాయి ఎప్పుడూ కింది రెండు రాళ్ల అతుకును కప్పి కూర్చోవాలి. కూర్చున్నాక అరచేత్తో ఊపి చూస్తాడు; కదిలితే వెనకనుంచి రాతి పలుకొకటి దోపుతాడు. మొహాల మధ్య ఖాళీలో కూడా మట్టి పోయడు, చిన్నరాళ్లే కూరుతాడు. మట్టయితే వాన నీళ్లు నిలిచి ఉబ్బుతుంది, గోడను బయటికి తోస్తుంది. రాళ్లయితే నీళ్లు తమ దారిన జారిపోతాయి. సుత్తి పక్కనే ఉంది కానీ మేమున్నంతసేపూ దాన్ని ముట్టుకోలేదు. వేలిగోళ్లు రాతి రంగులోకి తిరిగిపోయాయి.

ఈ పనితనాన్ని 2018లో యునెస్కో గుర్తించింది. క్రొయేషియాతో కలిపి ఎనిమిది దేశాల పేరిట మానవాళి వారసత్వంలో చేర్చింది. ఆ సంగతి ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది. దారి చూపడానికి మాతో వచ్చిన కుర్రాడు తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాడు: "దారి పక్కన బోర్డులు పాతబడితే మారుస్తారట. గోడ పడితే మాత్రం అది నీ పొలం గోడ, నువ్వే చూసుకో అంటారట. ఇది పొలం గోడే, కాదనను. కానీ ఇది కూలితే పొలం వచ్చి పడేది మీ సైకిళ్ల దారి మీదే కదా అంటున్నాడు." ఈలోగా ఆరుగురు సైకిళ్ల మీద వచ్చారు. రాళ్లను తప్పించుకుంటూ నెమ్మదించి, ఆయన్ను ఫొటో తీసుకుని, చెయ్యూపి వెళ్లారు. ఆయన తలెత్తలేదు.

ఆయన మాటలో న్యాయముంది. కింద లివాదెలో, ఎదురుగా మోతోవున్ కొండ మీద, భోజనశాలలకు లోటు లేదు. ఈ లోయలోని అడవి ట్రఫుల్ అనే భూగర్భ పుట్టగొడుగుకు పేరుమోసింది; 1999లో ఇస్ట్రియాలో దొరికిన తెల్ల ట్రఫుల్ 1.31 కిలోలు తూగి గిన్నిస్‌కెక్కింది. సైకిల్ యాత్రికుడి డబ్బు అక్కడ ఖర్చవుతుంది. అతణ్ణి అక్కడిదాకా దించిన గట్టును కాసే మనిషికి దక్కేది చెయ్యూపడం. తోటల్లో మనుషులు తగ్గేకొద్దీ గోడలు కూలతాయి. గోడలు కూలాక మిషన్లు తెచ్చి కాంక్రీటు పోయవచ్చు. నీళ్లను వదిలే గోడ చోట నీళ్లను ఆపే గోడ వస్తుంది.

మన దగ్గర పరిస్థితి వేరు, ప్రశ్న ఒకటే: రైలు పోయాక మిగిలిన కట్టను కాసేదెవరు? కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని దాని పట్టాలూ పీకి పట్టుకుపోయారు. 2004లో మళ్లీ రైలు నడిచిందంటే, పట్టాలు పోయినా దారి కోసం నేల మిగిలింది కాబట్టే. నల్లమలలో నంద్యాల–గుంటూరు మీటర్‌గేజ్‌ను బ్రాడ్‌గేజ్ చేసినప్పుడు బొగద సొరంగం, దొరబావి వంతెన ఉన్న పాత దారిని వదిలేశారు. అది పులుల అడవి. అక్కడ సైకిళ్లు తిప్పమనడం తప్పు. అయితే పులులు లేనిచోట వదిలేసిన కట్టల గతేమిటి? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టుకోగలిగిన వాళ్లం, ఊళ్ల మధ్య సిద్ధంగా ఉన్న కట్టను ముక్కలుగా ఆక్రమణలకు వదిలేయనక్కర్లేదు.

ముందు ఆ నేలను ఎవరికీ అమ్మకుండా, కౌలుకివ్వకుండా పంచాయతీల ఉమ్మడి దారిగా రాసిపెట్టాలి. కంకర తర్వాతైనా వేసుకోవచ్చు. ఇక మీ ప్రాంతంలో ఎవరైనా సైకిల్ దారి వేస్తామని వస్తే ప్రారంభోత్సవం ఎప్పుడని అడగకండి. పదో ఏడు వానలకు గట్టు తెగితే కట్టేదెవరు, వాళ్లకు కూలి ఏ పద్దు కింద ఇస్తారు అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.