పళ్ళ డాక్టరంటే భయమా?

పిల్లలూ! 1968లో నాకు ఎనిమిదేళ్ళు. అప్పుడు నాకు దవడ పన్ను ఒకటి పుచ్చింది. రాత్రిళ్ళు నేను ఏడుస్తూంటే మా అమ్మ పంటి కింద లవంగం పెట్టి పడుకోబెట్టేది. ఒకనాడు మా నాన్నగారు, "తెనాలిలో సర్కసు వచ్చిందిరా, చూసివద్దాం పద!" అన్నారు. నేను ఉతికిన చొక్కా తొడుక్కుని సంతోషంగా బయలుదేరాను.

బస్సు దిగాక సర్కసు డేరా ఎక్కడా కనపడలేదు. మా నాన్నగారు నన్ను ఒక పళ్ళ డాక్టరు గదిలోకి తీసుకుపోయారు. ఇద్దరు మనుషులు నన్ను కదలకుండా పట్టుకున్నారు. పన్ను ఊడివచ్చింది.

ఆ నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోయింది. కాని సర్కసని చెప్పిన అబద్ధం మనసులో ఉండిపోయింది. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు నేను పళ్ళ డాక్టరు గడప తొక్కలేదు. దాని మూలంగా నాలుగు దవడ పళ్ళు పోగొట్టుకున్నాను.

ఇంత అనుభవించినవాణ్ణి, ఉపాధ్యాయుణ్ణి అయ్యాక నేను చేసిన పని వినండి. ఒకటో తరగతిలో అల్లరి చేసేవాళ్ళను, "పళ్ళ డాక్టరును పిలిపించి పళ్ళన్నీ పీకిస్తాను!" అని బెదిరించేవాణ్ణి. ఒకనాడు నిజంగానే పిల్లల పళ్ళు చూడటానికి ఒక డాక్టరుగారు మా బడికి వచ్చారు. తీరా చూస్తే తరగతిలో ఒక్క పిల్లవాడు లేడు! అందరూ వెళ్ళి గోడ వెనక దాక్కున్నారు. ఆ భయం వాళ్ళకు పుట్టుకతో వచ్చింది కాదు, నేను పెట్టింది. ఆనాడు నాకు చాలా సిగ్గువేసింది.

కిందటి ఏడు ఆరేళ్ళ మా మనవరాలికి పాలపన్ను పుచ్చింది. గుంటూరులో డాక్టరమ్మగారి వద్దకు బయలుదేరేటప్పుడు, "నొప్పి పుడుతుందా, తాతయ్యా?" అని అడిగింది. "అబ్బే, ఏమీ ఉండదు!" అనబోయి ఆగాను. "కాస్త ఉండవచ్చునమ్మా. ఎంతసేపు ఉంటుందో ఆవిడనే అడుగుదాం," అన్నాను.

డాక్టరమ్మగారు ఏ పని అయినా ముందు చెప్పారు, తరవాత చూపారు, ఆ తరవాతనే చేశారు. ఈ పద్ధతిని అమెరికాలో అడల్‌స్టన్ అనే దంతవైద్యుడు 1959లోనే వివరించాడు. ఆవిడ గిర్రున తిరిగే చిన్న బ్రష్షును మొదట పిల్ల గోటిమీద ఆడించారు. పిల్ల కిలకిలా నవ్వింది.

"తీపి తింటే నోట్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను తొలుస్తుంది. పైపొరకు నొప్పి తెలియదు, నరాలు ఉండేది లోపల. పుచ్చు అంతదూరం పోకముందే వస్తే పని తేలిక," అన్నారు ఆవిడ. నొప్పి తెలియకుండా చేసే లిడొకెయిన్ అనే మందును 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. ఇప్పటి పిల్లలకు అటువంటి మందులున్నాయి.

"నేను ఆగాలంటే ఎడమచెయ్యి ఎత్తు," అన్నారు డాక్టరమ్మగారు. ఒక్క నిమిషంలోనే పిల్ల చెయ్యి ఎత్తింది. ఆవిడ వెంటనే ఆగి, "నొప్పా?" అన్నారు.

"కాదు. ఆగుతారో లేదోనని చూశాను," అన్నది పిల్ల.

మళ్ళీ అది చెయ్యి ఎత్తలేదు.

తల్లిదండ్రులారా! "పాలపళ్ళు ఎలాగూ ఊడేవే గదా!" అనకండి. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. పిల్లలను డాక్టరు పేరు చెప్పి బెదిరించకండి, మాయమాటలు చెప్పి తీసుకుపోకండి. పిల్లలూ! మీకు ఏది భయమో డాక్టరుగారినే అడగండి. అడగటం పిరికితనం కాదు.

ఇంటికి వచ్చాక మా మనవరాలు, "మరి నీ పళ్ళు ఎప్పుడు చూపించుకుంటావు, తాతయ్యా?" అన్నది. ఏం చెప్పను? మరుసటి వారం నేనూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. పిల్ల నా పక్కనే నిలబడి, "ఎడమచెయ్యి! జ్ఞాపకం ఉందిగా?" అన్నది.