ఊరు దాటిన ఆట

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరుపొందిన పట్టణం. తొలకరికి నాటిన దుంప ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలోనే ఊరుతుంది. దానిని తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టిన తరువాతగాని కొమ్ము అమ్మకానికి సిద్ధం కాదు. ఇంత శ్రమకు తగిన ధర దగ్గరలో పలకనప్పుడు ఇక్కడి రైతులు పంటను లారీలకెత్తి మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకొనిపోయేవారు. పండించిన నేల ఒకటి, విలువ కట్టిన విపణి మరొకటి. ఆటగాళ్ల జీవితంలోనూ ఈ దూరం కనిపిస్తుంది.

ఫుట్‌బాల్‌లో గోల్ చేయవలసిన బాధ్యత ప్రధానంగా ముందు వరుస ఆటగాడిది. తొంభై నిమిషాల ఆటలో అతనికి దక్కే అవకాశాలు రెండో మూడో. అవి చేజారితే జట్టు మరొకరిని వెదుకుతుంది. అందువల్ల ఇటువంటివారు జట్టు నుండి జట్టుకు మారుతూనే ఉంటారు. జర్మనీ వంటి దేశాలలో ఈ మార్పు అంత కష్టమైనది కాదు. మొదటి శ్రేణిలో చోటు దొరకనివాడు రెండవ, మూడవ శ్రేణులలో ఆడుతూ, ఏనాడూ ప్రసిద్ధుడు కాకపోయినా, ఆటతోనే గౌరవంగా బ్రతకగలడు. మన ప్రాంతపు క్రీడాకారునికి అన్ని మెట్లు లేవు. ఇల్లు విడువనిదే ఆట సాగదు.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం నిరుపేద. ప్రసిద్ధ శిక్షకుడు రహీం ఆయన ప్రతిభను గుర్తించారు. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో సభ్యుడు. మరుసటి సంవత్సరం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడి, 1961లో దానికి నాయకత్వం వహించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగేరీపై గోల్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించిన జట్టులోనూ ఉన్నారు. ఆ మరుసటి ఏడే ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను అర్ధంతరంగా ముగించింది. కలకత్తా సమీపంలోని ఉత్తరపాడలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆట కోసం వెళ్లిన చోటే ఆయనకు ఇల్లయింది.

ఆరు దశాబ్దాల తరువాత అదే ఈస్ట్ బెంగాల్‌కు నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన గుగులోతు సౌమ్య చేరారు. ఆమె కూడా ముందు వరుసలో ఆడే క్రీడాకారిణియే. కాని ఆమె నడిచిన దారి మరింత ఇరుకైనది. భారత మహిళా లీగు మొదలైనదే 2016-17లో. తొలి సంవత్సరాలలో జట్లన్నీ ఒకచోట చేరి కొద్ది వారాలలోనే ఆటలు ముగించేవి. సొంత మైదానంలోనూ, ప్రత్యర్థి మైదానంలోనూ ఆడే పద్ధతి 2023-24లోగాని రాలేదు. కొద్ది వారాల ఆటకై సంవత్సరమంతా దేహాన్ని సిద్ధంగా ఉంచుకోవడం ఎంతటి దీక్ష!

సౌమ్య కేరళకు చెందిన గోకులం జట్టులో ఆడారు. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు ఎంపికయ్యారు. భాష తెలియని దేశం, అలవాటు లేని చలి. తిరిగి వచ్చి మళ్లీ స్వదేశపు జట్లలో ఆడారు. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళా లీగు విజేతగా నిలిచింది. ఆ జట్టుకు జాతీయ లీగు కిరీటం దక్కడం రెండు దశాబ్దాల తరువాత అదే మొదలు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సౌమ్యను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా గౌరవించింది.

ఇన్ని జట్లు మారిన క్రీడాకారిణిని చూసి నిలకడ లేదని అనడం తగదు. మారినవి చొక్కా రంగులే. ఆమె సాధన మారలేదు. అయితే ఆమె కీర్తికి సంతోషించే మనం ఒక మాట ఆలోచించాలి. ఆమె విజేతగా నిలిచిన ఆ లీగులో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటీ లేదు. నిజామాబాదు కేంద్రంగా 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. పంటకు విలువ పుట్టిన నేలమీదే దక్కాలన్న కోరికకు అది ఫలితం. తండాలో బంతి వెంట పరుగెత్తే మరో బాలికకు కూడా ఇంటికి చేరువలో ఒక మైదానం, ఒక శిక్షకుడు, ఒక జట్టు దొరకాలి. అప్పుడు దూరదేశం వెళ్లడం ఆమె ఎంపిక అవుతుంది. ఇప్పటివలె తప్పనిసరి కాదు.