చెయ్యి వెయ్యొచ్చా?

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు అమ్మ 107 బస్టాప్‌కి కాస్త దూరంలో ఉంది. దెబ్బ తగల్లేదు. కానీ ఇప్పటికీ ఏ బండి సైలెన్సర్ ఠాప్‌మన్నా ఆమె భుజాలు చెవుల దాకా లేస్తాయి.

పోయిన నెల ఎల్బీ నగర్‌లో ఒక ఆంటీ దగ్గర రేకీకి తీసుకెళ్లా. సీఎస్ఈ బుర్ర కదా, "ఈ శక్తిని ఏ యూనిట్లో కొలుస్తారో!" అని లోపల నవ్వుకున్నా. ఆ శక్తి ఉందని సైన్స్ రుజువు చెయ్యలేదు. స్పర్శ సంగతి వేరు. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నెమ్మదిగా నిమిరితే బాగా స్పందించే నరాలు మన చర్మంలో ఉన్నాయి. సి-టాక్టైల్ అంటారు. చిన్నప్పుడు నేను దడుచుకుంటే అమ్మ వీపు నిమిరిన వేగం బహుశా అదే.

ఆంటీ ముందు అడిగింది: "చెయ్యి వెయ్యొచ్చా అమ్మా?"

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఇంట్లో మేమెవరం ఆ మాట అడగలేదు. "ఏం కాలేదుగా, వదిలెయ్" అనడమే మాకు తెలుసు.

మలక్‌పేటలో ఇంటికి మెట్రోలో తిరిగొస్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ రాగానే అమ్మ బిగుసుకుపోయింది. ఈసారి నేనడిగా. తలూపింది. మూసారాంబాగ్ దాటేసరికి నా చేతి కింద ఆమె భుజం మెల్లగా దిగింది.