పచ్చిక పోయిన ఏడేళ్ళకు

మా నాన్నకు జామాయిల్ చెట్టు ఒక పంట. ప్రకాశం జిల్లాలోని మా మెట్టచేలో పొగాకు వరుసగా రెండేళ్ళు నష్టం తెచ్చిన తరువాత ఆయన జామాయిల్ వేశారు. నాలుగేళ్ళకొకసారి కర్ర నరికించి లారీలలో కాగితపు మిల్లుకు పంపేవారు. మోడుల నుండి మళ్ళీ పిలకలు లేచేవి, మళ్ళీ నాలుగేళ్ళు. వేపచెట్టు కొట్టవలసి వస్తే మా నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టేది కాదు కాని, జామాయిల్ కోసం ఎవరైనా కంటతడి పెట్టగా నేను చూడలేదు.

అటువంటి ఇంట పుట్టి, ఒక్క జామాయిల్ చెట్టు కోసం ఆరు నెలలు సరిగా నిద్రపోలేదంటే మా ఊళ్ళో నవ్వుతారు.

2009లో శాన్ డియేగోలో, సముద్రానికి అయిదు మైళ్ళ దూరంలో ఇల్లు కొన్నాము. పెరటిలో ఈశాన్య మూలన డెబ్భై అడుగుల యూకలిప్టస్ ఉండేది. ఈశాన్యంలో అంత బరువు తగదని వాస్తు తెలిసిన మిత్రుడొకరు ఆనాడే హెచ్చరించారు. తన మాట ఫలించిందని ఆయనకు ఇప్పటికీ లోలోపల సంతోషమే. నాకు మాత్రం ఆ కొడవలి ఆకులు, కాగితంలా ఊడి వేలాడే బెరడు, వాన తడికి లేచే ఆ ఘాటైన వాసన చూసి, ఇంత దూరం వచ్చినా మా చేను గట్టు మీదనే ఉన్నాననిపించింది.

నిజానికి ఈ చెట్టుకూ కాలిఫోర్నియా పరాయి నేలే. ఆస్ట్రేలియా నుండి మన నీలగిరులకు వంటచెరకు కోసం వచ్చినట్టే ఇక్కడికీ పనిమీదే వచ్చింది. శాంటా ఫే రైల్వేవారు 1906లో ఇక్కడికి ఉత్తరాన ఒక పెద్ద ఎస్టేటు కొని, పట్టాల కింద వేసే స్లీపరు చెక్క కోసం లక్షల సంఖ్యలో నాటించారు. తీరా చూస్తే ఆ చెక్క ఆరేకొద్దీ మెలికపడి పగిలిపోయింది, మేకు నిలవలేదు. రైల్వేవారు ఆ భూమిని ఇళ్ళ స్థలాలుగా అమ్ముకున్నారు. రాంచో శాంటా ఫే అనే సంపన్నుల ఊరు అలా పుట్టింది. కొరగాని చెట్లు ఆ ఊరికి అలంకారమయ్యాయి.

ఇక్కడి వాతావరణం మనకు తలకిందులుగా తోస్తుంది. ఏడాదికి సగటున పది అంగుళాల వాన, అదీ చలికాలంలోనే. మే నుండి అక్టోబరు దాకా దాదాపు చినుకుండదు. మే, జూన్ నెలలలో సముద్రం మీదినుండి వచ్చే మబ్బు మధ్యాహ్నం దాకా ఊరిని కప్పి ఉంచుతుంది గాని, ఆ తేమతో వేరు తడవదు. ఎండకాలం పోతే వాన వస్తుందని నమ్మే ప్రాణాలు మనవి; ఇక్కడ ఎండకాలం పోతే వచ్చేది శాంటా ఆనా గాలి. ఎడారి వైపు నుండి వేడిగా, పొడిగా, ఈశాన్యం నుండి వీస్తుంది. 2007 అక్టోబరులో ఆ గాలికి రేగిన విచ్ క్రీక్ మంటలు ఈ జిల్లాలో వెయ్యికి పైగా ఇళ్ళను బూడిద చేశాయి.

2015 ఏప్రిల్‌లో, కరువు ముదిరి, పట్టణాలలో నీటి వాడకం నాలుగో వంతు తగ్గించాలని గవర్నరు ఉత్తర్వు జారీచేశారు. పచ్చిక తీసివేసేవారికి డబ్బు కూడా ఇచ్చారు. నీటికి కటకటలాడిన జిల్లావాడిని. అందరికంటె ముందే తీయించాను. గడ్డి పోయింది, నీళ్ళ గొట్టాలు మూతపడ్డాయి, గులకరాళ్ళు పరిచాము, ముళ్ళమొక్కలు పెట్టాము. వీధిలో మెచ్చుకోని వారు లేరు. నా జన్మలో నేను చేసిన సత్కార్యాలలో దానిని ఒకటిగా లెక్కవేసుకునేవాడిని.

2021 ఎండకాలానికి చెట్టు కొస పలచబడింది. మరుసటి మార్చిలో, గాలి లేని ఒక మధ్యాహ్నం, నా తొడంత లావు కొమ్మ ఒకటి విరిగి మా అమ్మాయి గది కిటికీకి రెండడుగుల దూరంలో పడింది. అమ్మాయి బడిలో ఉన్నది.

ఇక్కడ అర్బరిస్టులని ఉంటారు, వృక్షవైద్యులనవచ్చు. పరీక్ష రాసి పట్టా పొందినవారు. నేను పిలిచిన పెద్దమనిషి చెట్లు కొట్టడు. చూసి చెప్పినందుకే రుసుము తీసుకుంటాడు. నరికితే లాభమున్నవాడిని నరకాలా అని అడగరాదని అప్పుడు గ్రహించాను. ఆయన చెక్కసుత్తితో మానును తట్టుతూ చుట్టూ తిరిగాడు, వైద్యుడు వీపు మీద వేళ్ళతో తట్టినట్టే. ఒకచోట బెరడు లేపి చూపాడు. కింద పిండి కూరినట్టు పురుగు తొలిచిన దారులు. అది కూడా ఆస్ట్రేలియా నుండి వచ్చిన పొడుగు మీసాల పురుగే. బెరడులో తేమ నిండుగా ఉంటే పిల్లపురుగు అందులో బ్రతకలేదట. దాహంతో ఉన్న చెట్టునే అది వెతుక్కుంటుంది.

“దీనికి నీళ్ళు ఎక్కడినుండి వచ్చేవి?” అని అడిగాడు.

నేను గులకరాళ్ళ వంక చూశాను. ఆయనకు వేరే జవాబు అక్కరలేకపోయింది.

గడ్డికి రోజు విడిచి రోజు చల్లిన నీళ్ళతోనే ఆ చెట్టు దశాబ్దాలు బ్రతికింది. అందుకే దాని వేళ్ళు పైపైనే పరచుకున్నాయి. నీరు ఒక్కసారిగా ఆగితే ఆ వయసులో లోతుకు పోలేకపోయింది. పచ్చిక తీసిన నాడే, కొమ్మల గొడుగు అంచు కింద నెలకొకసారి, ఒక రాత్రంతా సన్నధారగా నీళ్ళు పెట్టి ఉంటే చాలునన్నాడు. గడ్డికి పోసినదానిలో అది ఎన్నో వంతు! ఇది ఏ కరపత్రంలోనైనా ఉన్నదేమో. డబ్బు ఎలా పొందాలో రాసిన పేజీ ఒక్కటే నేను చదివాను. చెట్టు తట్టుకున్న ఏడేళ్ళలో ఏ ఒక్క ఏడు అడిగినా రక్షించుకునేవాడిని.

అక్టోబరు గాలి రాకముందే కొట్టించమన్నాడు. గాలి వచ్చేది ఈశాన్యం నుండి, చెట్టున్నది ఈశాన్యాన, దాని కింద మా ఇల్లు. (వాస్తు మిత్రునికి ఈ సంగతి చెప్పి ఉండవలసింది కాదు.)

అయితే ఏప్రిల్ మొదటివారంలో చెట్టు చీలిక దగ్గర ఎర్రభుజాల డేగల జంట గూడు కట్టింది. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న గూటిని చెరపరాదు. చట్టం లేకపోయినా మా అమ్మాయి ఊరుకునేది కాదు. దానిని మా గదిలో పడుకోబెట్టుకుని, ప్రతి చప్పుడుకూ మెలకువ వచ్చి, డేగపిల్లలు ఎగిరేదాకా రోజులు లెక్కపెట్టాము. జూలైలో ఎగిరాయి.

ఆలోగా లారీ వేసుకుని వచ్చిన ఒకతను, మూడో వంతు ధరకు తల నరికి సగానికి కుదిస్తానన్నాడు. తల నరికిన చెట్టుకు గుబురుగా లేచే కొమ్మలు పైపైన అంటుకుని ఉంటాయే తప్ప లోపలినుండి నాటుకోవు. కొన్నేళ్ళకు అవే విరిగిపడతాయి. పైగా పదిహేను అడుగులు దాటిన చెట్టును కొట్టాలంటే ఈ రాష్ట్రంలో లైసెన్సుండాలి. పనివాళ్ళకు బీమా లేకపోతే, పైనుండి పడినవాడి బాధ్యత ఇంటివాడి మెడకు చుట్టుకోవచ్చు. కాగితాలు అడిగాను, అతడు మళ్ళీ రాలేదు.

సెప్టెంబరులో అయిదుగురు వచ్చి ఒక్క రోజులో ముగించారు. ఒకడు తాళ్ళతో ఎక్కి, ప్రతి దుంగనూ కట్టి, కోసి, పసిబిడ్డను దించినట్టు దించాడు. చెట్టు కూలుతుందనుకున్నాను. కూలలేదు. పైనుండి కిందికి కొంచెం కొంచెంగా లేకుండా పోయింది. వీధంతా జలుబుకు రాసే తైలం వాసన. అమ్మాయి ఒక గుండ్రటి ముక్క కావాలంటే, పురుగు మిగలకుండా బెరడంతా ఒలిచి ఇచ్చారు.

ఆ రాత్రి నాన్నకు ఫోను చేశాను.

“టన్ను ఎంతకు పోయింది?” అని అడిగారు.

“మనమే ఇచ్చాం నాన్నా. నాలుగు వేల రెండు వందల డాలర్లు.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “మోడు ఉంచావా? పిలకలేస్తుంది,” అన్నారు. మోడును కూడా యంత్రంతో పొడి చేయించానని చెప్పలేకపోయాను.

డిసెంబరులో, వానలు మొదలైనాక, గోడకు దూరంగా ఈ నేల చెట్టే అయిన కోస్ట్ లైవ్ ఓక్ మొక్క నాటాము. నరికిన చెట్టు చెక్కపొట్టు మూడంగుళాల మందాన చుట్టూ పరిచాను, మొదలుకు తగలకుండా, ఇంటిగోడకు అయిదడుగుల లోపల పడకుండా. ఎదిగిన ఓక్‌కు ఎండకాలంలో మొదట్లో నీళ్ళు పోస్తే వేరుకుళ్ళు వస్తుంది. పసిమొక్కకు మాత్రం మొదటి రెండు మూడేళ్ళు పోయక తప్పదు. ఎప్పుడు పోయాలో తెలియడానికి ఆ పెద్దమనిషి చెప్పిన ఉపాయం పొడుగాటి స్క్రూడ్రైవరు: మట్టిలోకి సులువుగా దిగితే తడి ఉన్నట్టు, మొరాయిస్తే లేనట్టు. ఇప్పుడు ఓక్ నా తల దాటింది. అయినా నాకు ధైర్యం చాలదు. నెలకొకసారి, కొమ్మల అంచు దగ్గర, గుచ్చి చూస్తూనే ఉంటాను. మొన్న రెండంగుళాల దగ్గర ఆగిపోయింది. ఈ ఆదివారం రాత్రి గొట్టం పెట్టాలి.