టోక్యోలో ఒక పూట భోజనము

నా పుట్టినిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. మావారు బడిపంతులు. నా తమ్ముడు నాలుగేండ్లుగా జపాను రాజధానియగు టోక్యోలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. వాని కోరికపై గడచిన సంక్రాంతి సెలవులలో మేమిరువురము అచ్చటికి పోయితిమి. వాడిపుడుండు నిషికసాయి పేటలో 2000వ సంవత్సర ప్రాంతము నుండి మనదేశపు కంప్యూటరు ఉద్యోగులు పెక్కుమంది కాపురముండిరి. కందిపప్పు, చింతపండు దొరకును గనుక కుమారుని భోజనమునకు లోటు లేదని మా యమ్మ నెమ్మదిగా నుండెను.

ఒకనాటి రాత్రి, చలి యెముకలు కొఱుకుచుండగా, తమ్ముడు తాను మొదట నివసించిన పేటలోని యొక రామెన్ అంగడికి మమ్ము పిలుచుకొనిపోయెను. రామెన్ అనగా వేడి రసములో వేసి యిచ్చు గోధుమపిండి పోగులు. మన పిల్లలెఱిగిన నూడుల్సు జాతిదే. ఇది చీనావారి వంటనుండి పుట్టినది. 1910లో అసకుస పేటయందు తెఱచిన రైరైకెన్ అను అంగడి చీనా వంటవారిచేత దీనిని చేయించి పేరు పొందెను. అప్పడముల పిండిలో మనము క్షారము వేసినట్లే వారును ఈ పిండిలో వేయుదురు; అందుచేత పోగులు పసుపువన్నె కలిగి, రసములో త్వరగా మెత్తబడవు.

తలుపుకడ నొక యంత్రము కలదు. పైకము వేసి మీట నొక్కిన చీటి వచ్చును. అది యిచ్చి, వంటవానికి ఎదురుగా వరుసను కూర్చుండవలెను. మాటలు లేవు; అందఱును చప్పుడగునట్లు జుఱ్ఱుచున్నారు. చప్పుడు చేయక తినుడని పిల్లలకు బుద్ధి చెప్పు నాకు మొదట సిగ్గు తోచెను. కాని పెండ్లిపంక్తిలో మన పెద్దలు విస్తరిలోని పాయసమును జుఱ్ఱుట జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిని.

మాకు నువ్వులు, సోయాచిక్కుడు పాలతో చేసిన శాకాహారపు గిన్నెలు వచ్చినవి. తమ్ముడు ఆ దేశపు వాడుక చొప్పున చేతులు జోడించి, "ఇతదకిమాసు" అనెను. వినయముతో గ్రహించుచున్నానని దాని భావము. వాని గిన్నె వేఱు. దానిపై మాంసపు ముక్కలు చూచి నా చేతి పుల్లలు నిలిచిపోయినవి.

"అక్కా! ఇది పంది యెముకలను గంటలకొలది కాచిన రసము. ఇన్నాళ్లు దాచితిని. ఇక దాచలేక నిన్నిచ్చటికి తెచ్చితిని" అనెను.

వచ్చిన మొదటి చలికాలమున జ్వరము తగిలి, వండుకొన శక్తి లేక, మూడునాళ్లు రొట్టెముక్కలతో గడపి, నాల్గవనాడు ఈ యంగడి దీపము చూచి లోనికి వచ్చెనట. మాంసము లేని గిన్నె యప్పుడిచ్చట లేదట. "ఆనాడు ఆకలి, తరువాత అలవాటు. నీతో అబద్ధమాడను" అనెను.

చిన్ననాట మా నాయనగారు చెప్పిన ఛాందోగ్యములోని ఉషస్తి కథ నాకు తోచెను. కఱవుకాలమున ఆ పండితుడు మావటివాడు తినుచున్న మినుములను యాచించి తినెను. అతడు నీళ్లియ్యబోగా, ఎంగిలియని వలదనెను. మినుములు లేకున్న ప్రాణము నిలువదు, నీరు వేఱుచోట దొరకునని యాతని సమాధానము. ఆ లెక్కను తమ్ముని మొదటి గిన్నె మినుములు, నేటి గిన్నె నీరు. ఆ మాట నా నాలుక చివఱకు వచ్చెను.

కాని వాని ముఖము చూచి మానుకొంటిని. ఫోను చేసినపుడెల్ల "ఏమి తింటివిరా?" అని మేమడుగుట, "పప్పన్నము" అని వాడు చెప్పుట. తిండికన్న ఆ యబద్ధమే వానికి బరువైనది. విమానమెక్కునాడు అమ్మ వానిచేత ఒట్టు పెట్టించుకొనెను. జ్వరము వచ్చిన నేమి చేయవలెనో మాలో నెవ్వరును చెప్పమైతిమి.

"చల్లారిపోవుచున్నది, తినవయ్యా" అని మావారు మెల్లగా ననిరి. మువ్వురమును తింటిమి. నేను మాంసము ముట్టలేదు, ముట్టబోను. వాని ప్రక్కను కూర్చుండి తినుట మాత్రము మానలేదు.

తిరిగివచ్చి, తమ్ముని సమ్మతితో, ఆళ్లగడ్డలో అమ్మకు ఉన్నదున్నట్లు చెప్పితిని. చింతపండు ఈనెలు తీయుచున్న యామె చేయి నిలిచెను. చాలసేపు పలుకలేదు. పిమ్మట, "జ్వరమునాడు వానికి వేడిగా పెట్టిరా?" అని యడిగెను.

"పొగలు గ్రక్కుచుండగా పెట్టిరమ్మా."

"వారి కడుపు చల్లగా నుండనీ" అనెను.

ఆ రాత్రి తానే ఫోను చేసెను. "ఏమి తింటివి?" అని యడుగలేదు. "తింటివా, నాయనా?" అనెను. దూరదేశములందు బిడ్డలున్న తల్లులు ఈ రెండు ప్రశ్నలకు గల భేదమును ఒకపరి తలపోయ వేడుచున్నాను.